సగం ధర రాసిన కాగితం

మా అమ్మ ఇల్లు కొనకముందే అందులో కాపురం పెట్టేసింది. గోల్‌మురిలో మా కంపెనీ క్వార్టరు వంటగదిలో బియ్యం ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపేసి, "పొయ్యి తూరుపు గోడకెడితే పొద్దు కళ్లల్లో పడద్దేటే?" అని అడిగేది. ఏ పొయ్యి, ఏ గోడ అని అడిగితే ఇక నా పని అయినట్టే. నన్ను చేట ముందు కూర్చోబెట్టి ఆ ఇల్లంతా తిప్పేది. ఇదిగో ఇక్కడ అరుగు, ఇక్కడ బియ్యం డబ్బా, ఇక్కడ మీ నాన్న కుర్చీ. వద్దు, ఇక్కడ జల్లు కొడద్ది, లోపలికి జరుపుదాం. లేని కుర్చీని లేని వాన నుంచి తప్పించడానికి ఆవిడ పడే హైరానా చూస్తే నాకు నవ్వూ చిరాకూ కలిసి వచ్చేవి. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ ఉందనుకోండి.

డెబ్బైలు పోయి ఎనభైలు వస్తున్న రోజులవి. నాన్న రేకుల మిల్లులో పని చేసేవాడు. వచ్చే ఫాల్గుణానికి రిటైరవుతాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. శ్రీకాకుళం వైపు నుంచి పదమూడేళ్ల పిల్లగా వచ్చిన అమ్మ అప్పటికి మూడు క్వార్టర్లు మారింది. మూడింట్లోనూ గోడకి మేకు కొట్టడానికి కూడా జంకింది. "నా ఇల్లు కాదు కదే, ఎవుల్నైనా అడగాలేమో" అనేది. కొట్టుకోమ్మా, ఎవరూ ఏమీ అనరు అంటే నమ్మేది కాదు. ఫాల్గుణం లోపల అమ్మకి తనదే అయిన ఒక కప్పు చూపించాలి. మా ఇంట్లో అప్పుడు ఉన్న పెద్ద ఆలోచన అదొక్కటే.

ఇల్లు నది అవతల, మానగోలో దొరికింది. రెండు గదులు, నూతి పక్కన కాస్త కూరగాయల పెరడు, మీద పెంకులు. అమ్మేది ఒడియా పెద్దావిడ, భర్త పోయి చాలా ఏళ్లయింది. అందరూ మావుసీ, అంటే పిన్ని, అనేవారు, మేమూ అలాగే అన్నాం. బాలేశ్వర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతానంది. ఆదివారాలు సాయంత్రం పూట సువర్ణరేఖ వంతెన మీద నడిచి ఆ ఇల్లు చూసి వచ్చేవాళ్లం. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు మిల్లుల వైపు ఆకాశం ఎర్రగా వెలిగేది, నది మీద ఆ ఎరుపు పరుచుకునేది. అమ్మ వంతెన మధ్యలో ఆగి అవతలి ఒడ్డుకేసి చూసేది. లారీలు హారను కొడుతున్నా కదిలేది కాదు. "దారి తప్పుకోవే తల్లీ, ఇంటికెళ్లాక కలలు కందువుగాని" అని నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు. ధర కుదిరింది. ఎంతో చెప్పను, ఇప్పుడు చెబితే నవ్వుతారు. మాకు మాత్రం అది నాన్న ఒంట్లో ఓపికంతా.

ఇక్కడ మా అమాయకత్వం గురించి చెప్పాలి. కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్లకి ఇల్లంటే జీతంలోంచి కోసుకునే నాలుగు రూపాయలు. నీళ్లు కంపెనీవి, దీపం కంపెనీది, వీధి ఊడ్చేది కంపెనీ. మా క్వార్టర్ల వరసలో ఇంటి పన్ను కట్టినవాణ్ణి గానీ, శిస్తు రసీదు చూసినవాణ్ణి గానీ నేనెరగను. సర్కారు అంటే మాకు పోస్టాఫీసూ, రేషను దుకాణమూ అంతే. ఇల్లు కొంటే సర్కారుకి కూడా ఇవ్వాలని మాకు చెప్పినవాడు లేడు. నేను కాసిడీహ్‌లో ఆడపిల్లలకి హిందీలో పాఠాలు చెప్పేదాన్ని, బీకాం ప్యాసయ్యాను, అయినా ఆ సంగతి నాకూ తట్టలేదు. స్టాంపులంటే ఉత్తరాల మీద అంటించేవే అనుకునే ఇంట్లో పుట్టానేమో మరి.

తెలిసింది సాక్చీలో, కచేరీ బయట, టార్పాలిను నీడలో. అక్కడ దస్తావేజులు రాసే కాతిబ్ ఒకాయన చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాడు. కళ్లజోడుకి ఒక పక్క దారం కట్టి ఉండేది. మమ్మల్ని చూసి కలం సిరాలో ముంచి, "కిత్నా లిఖూఁ?" అన్నాడు. ధర ఎంత రాయాలీ అని. నాన్న ధర చెప్పాడు. ఆయన వేళ్ల మీద లెక్క వేసి స్టాంపుకి ఇంత అవుతుందన్నాడు. నాన్న నావైపు తిరిగాడు.

"ఏటంతాడు?"

చెప్పాను. కొన్న ధర ఎంతో దానిలో వందకి ఇన్నని సర్కారుకి కట్టాలట, ఆ విలువకి స్టాంపు కాగితాలు కొనాలట, వాటి మీదే దస్తావేజు రాస్తారట.

"మనం మావుసీ కాడ కొంతన్నాం. సర్కారు కాడ కొన్నామేటి? దానికెందుకివ్వాల?"

నాకూ నిజంగా అదే అనుమానం. ఇదేదో లంచమేమోనని కాతిబ్‌ని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. రోజుకి పదిమంది అడిగే ప్రశ్న కాబోలు. కలం కింద పెట్టి ఓపిగ్గా చెప్పాడు. అమ్మకానికి సాక్షి కావాలి కదా బేటీ, నువ్వు తెచ్చే సాక్షులు ముసలివాళ్లవుతారు, మరిచిపోతారు, చచ్చిపోతారు. ఆ రిజిస్టరులో ఎక్కించుకున్నదా, మీ నాన్న పోయినా, నువ్వు పోయినా, ఈ ఇల్లు వీళ్లు కొన్నారని అది చెబుతూనే ఉంటుంది. ఆ సాక్షికి ఇచ్చే కూలి అనుకో.

ఇది నాన్నకి తెలుగులో చెప్పాను. నాన్న మొహం విప్పారింది. "అలగని ముందే సెప్పొచ్చు కదా. సాక్షికంటే ఇవ్వాల్సిందే" అన్నాడు. మిల్లులో ఎవడైనా ఒక మాట న్యాయంగా చెబితే చాలు, నాన్న ఇట్టే ఒప్పుకునే మనిషి.

కాతిబ్ గొంతు తగ్గించాడు. అందరూ సగమే రాయిస్తారు, పూర్తి ధర ఎవడూ రాయించడు, మీకెందుకు బరువు అన్నాడు. నేను గబగబా లెక్క వేశాను. సగం రాస్తే స్టాంపు సగమే. మిగిలిన దాంతో పెంకులు మార్పించొచ్చు, సున్నం వేయించొచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది. సగం రాయించేద్దాం అన్నాను.

నాన్న నన్ను చూసి, "సాక్షికి అబద్దం సెప్పి, నువ్వు నిజం సెప్పు అని అడగమంతావేటే?" అన్నాడు.

అప్పుడు నేనన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నీకు హిందీలో ఒక్క ముక్క చదవడం వచ్చా నాన్నా? రాదు కదా. చదువుకున్నదాన్ని చెబుతున్నాను, విను" అన్నాను. చుట్టూ జనం ఉన్నారు. కాతిబ్‌కి తెలుగు రాదు కానీ నా గొంతు అర్థమైంది, తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. ముప్ఫై ఏళ్లకి పైగా ఆ ఊళ్లో హిందీ మాట్లాడుతూ బతికిన మనిషి నాన్న. చదవడం మాత్రం రాలేదు. మా వాళ్లలో ఆ తరంలో చాలామందికి రాదు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "సరే, నీ ఇష్టం" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. గెలిచానని సంబరపడ్డాను, సిగ్గులేనిదాన్ని.

రిజిస్ట్రీ రోజు నాకు కలలాగే గుర్తుంది. ముందు ఏది జరిగిందో, తరవాత ఏది జరిగిందో చెప్పలేను. శీతాకాలం ఎండ, కచేరీ వరండా నిండా దుప్పట్లు కప్పుకున్న మనుషులు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఆ పిలుపు వరండా చివరిదాకా వెళ్లి మళ్లీ వస్తోంది. మావుసీ వేలికి గుమాస్తా సిరా రాశాడు. ఆవిడ వేలు కాగితం మీద పెట్టి తియ్యడం మరిచిపోయింది. గుమాస్తాయే మెల్లగా ఎత్తాడు. "ధర పూర్తిగా ముట్టిందా?" అని లోపలి ఆఫీసరు అడిగాడు. "ముట్టింది బాబూ" అంది ఆవిడ. ఏ ధర అని ఆయన అడగలేదు. బయటికొచ్చాక ఆవిడ అమ్మ బుగ్గలు నిమిరి ఒడియాలో ఏదో అంది, అమ్మ తెలుగులో ఏదో అంది. ఇద్దరూ ఏడ్చారు. వేలి సిరా అమ్మ బుగ్గకంటింది. ఇంటికొచ్చేదాకా అమ్మ తుడుచుకోలేదు. నేను చెప్పినా తుడుచుకోలేదు. ఆ వారమే మావుసీ రైలెక్కి వెళ్లిపోయింది.

మా వరసలో ఒక అలవాటుండేది. ఎవరు స్థలం కొన్నా, ఇల్లు కొన్నా, పాలు పొంగించిన రోజున కాగితం వినాలి. హిందీ చదవడం రానివాళ్లే ఎక్కువ కాబట్టి ఎవడు ఏం రాసి మోసం చేశాడోనని భయం. అందుకని పెద్దవాళ్లని చాప మీద కూర్చోబెట్టి, చదవగలిగినవాళ్ల చేత దస్తావేజు మొదటి నుంచి చివరిదాకా చదివించి, ఒక్కో మాటకీ తెలుగులో అర్థం చెప్పించుకునేవారు. నాలుగు హద్దులూ చదివినప్పుడు ఆ హద్దు పక్కనున్నవాడు అక్కడ ఉండాలి, "ఔను" అనాలి. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. మా జంషెడ్‌పూర్ తెలుగువాళ్లు చదువు లేక కనిపెట్టుకున్న శాస్త్రం.

మా తూర్పు హద్దు పక్కన ఉండేది పాలు అమ్ముకునే ఒకాయన. చాచా అనేవాళ్లం. రెండు గేదెలుండేవి ఆయనకి. పాలు పొంగించడానికి పొద్దున్నే చెంబెడు పాలు తనే తెచ్చిచ్చాడు, డబ్బులివ్వబోతే అమ్మ చేతిని తోసేశాడు. నాన్న ఆయన్ని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆయన కోసం నేను ప్రతి మాటా ముందు హిందీలో, తరవాత తెలుగులో చదివాను. కొత్త చీర కట్టుకున్నాను. గొంతు సవరించుకుని మరీ చదివాను. నా కంటే గొప్పది ఆ రోజు లోకంలో లేదు.

ధర దగ్గరికొచ్చేసరికి మా వాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు, వాళ్లకి అసలు ధర తెలుసు. చాచా మాత్రం నవ్వలేదు.

"ఫిర్ సే పఢో బేటీ," అన్నాడు. మళ్లీ చదవమని.

మళ్లీ చదివాను. ఇంకాస్త స్పష్టంగా.

ఆయన లేచి, ప్రసాదం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. గేదెలకి మేతేసే వేళేమో అనుకున్నాం.

అప్పుడే టాటానగర్ నుంచి గూడ్సు తాతగారు వచ్చారు. స్టేషన్లో గూడ్సు క్లర్కుగా చేసి రిటైరైన పెద్దాయన, ఆలస్యమైందని నొచ్చుకుంటూ వచ్చి కూర్చున్నారు. ధర సగం రాయించారని, అది పక్కాయన ఎదురుగానే చదివారని తెలియగానే ఆయన చేతిలో ప్రసాదం అలాగే ఉండిపోయింది.

"ఎంత పని సేసినారు! మూడు నెలలు నోరు మూసుకోవలసింది కదర్రా," అన్నారు.

ఎందుకో ఆయనే చెప్పారు. అప్పట్లో బీహారులో ఒక చట్టం ఉండేది. పెరడున్న భూమి అమ్ముడైతే, దానికి ఆనుకుని భూమి ఉన్నవాడికి అది తీసుకునే హక్కు ఉంటుంది. రిజిస్ట్రీ అయిన మూడు నెలల్లోపు కచేరీలో డబ్బు కట్టి అర్జీ పెడితే చాలు. ఎంత కట్టాలి? కాగితంలో రాసిన ధర, దాని మీద పదో వంతు. అసలు మనం ఎంత ఇచ్చామో ఎవరికీ అక్కర్లేదు. ఆ సాక్షికి మనం ఏం చెప్పామో అదే ధర. తాతగారు తన కొట్టుపక్క స్థలం అలాగే పోగొట్టుకున్నారట.

అంటే చాచా సగం ధరకి మా ఇల్లు తీసేసుకోవచ్చు. మిగతా సగం గాలికి పోతుంది. ఫాల్గుణంలో క్వార్టరు పోతుంది. అమ్మ ఏ కప్పు కిందా ఉండదు. స్టాంపులో నాలుగు రూకలు మిగల్చబోయి నేను చేసిన నిర్వాకం ఇది.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మకి చెప్పొద్దన్నాడు, అంతే. సున్నం వేసే మనిషిని ఆపేశాం. ఒక గోడ తెల్లగా, మూడు గోడలు పాతగా ఉండిపోయాయి. అమ్మ ఎందుకాపారని అడిగితే మాఘం వెళ్లాక వేయిద్దామని అబద్ధం చెప్పాను. సరేనంది. ఆవిడ తన పనిలో ఉంది: చేటలో బియ్యం, కళ్లలో ఆ ఇల్లు. ఈసారి పెరట్లో ఆనపపాదు పాకించింది, దానికి కాయలు కూడా కాయించింది, వరసలో ఎవరెవరికి పంచాలో చెప్పింది. నేను వింటూ పెదవి కొరుక్కునేదాన్ని. ఆ మూడు నెలలూ నాకు సరిగ్గా మెలకువా లేదు, నిద్రా లేదు. బిష్టుపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కాసిడీహ్ దాటిపోయేదాన్ని. పిల్లలకి లెక్కలు చెబుతూ చెబుతూ బల్ల మీద రోజులు లెక్కపెట్టేదాన్ని. నలభై. నలభై ఒకటి.

చాచా మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఆదివారం మేం వెళ్లేసరికి గట్టు మీద నిలబడి ఉండేవాడు. పలకరించేవాడు కాదు. ఒకసారి తాడుతో ఏదో కొలుస్తూ కనిపించాడు. దొంగమొహం, మా ఇల్లు కొలుస్తున్నాడు అనుకున్నాను. ఇంకోసారి ఎవరితోనో మావుసీని తిట్టడం విన్నాం. ఇరవై ఏళ్లు రాఖీ కట్టి, చివరికి వెన్నుపోటు పొడిచింది అంటున్నాడు. అమ్మకి సగం అర్థమై, "ఆ ముసలమ్మ ఏటి సేసింది పాపం?" అంది. నాన్న మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయాడు. వంతెన మీద ఆ రోజు మాతో పాటు నడవలేదు, చాలా వెనక వచ్చాడు.

ఇక పదిహేను రోజులే ఉన్నాయనగా, ఒక మధ్యాహ్నం నాన్న చొక్కా తొడుక్కుని, "నడు, సాసా కాడికెళ్దాం" అన్నాడు. చాచా అనడం నాన్నకి రాదు.

"ఎందుకు?"

"నిజం సెప్పడానికి."

నేను అరిచాను. అవును, అరిచాను. ఆయనకి ఆ చట్టం తెలుసో తెలీదో, పదిహేను రోజులు నోరు మూసుకుంటే గట్టెక్కుతాం, నువ్వెళ్లి పులి నోట్లో తలపెడతానంటావేంటి అన్నాను. అమ్మ నీళ్లకి వెళ్లింది కాబట్టి సరిపోయింది.

"ఇల్లు పోతే పోద్ది," అన్నాడు నాన్న. "అద్దె కొంపలో ఉంతాం. ఆ ముసలమ్మ మన కాడ పూర్తిగా డబ్బు తీసుకుంది, మోసం సెయ్యనేదు. మన కాగితం వల్ల ఆయమ్మ దొంగయిపోయింది. అది నాకు ముద్ద దిగనివ్వట్నేదే."

ఇన్నాళ్లుగా నేను ఇంటి గురించే ఏడుస్తున్నాను. మావుసీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

వెళ్లాం. మాఘం మంచు మధ్యాహ్నానికి కూడా పూర్తిగా విడలేదు, నది అవతల ఇళ్లు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. చాచా పాక ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాకలో రెండు గుంజలున్నాయి, గేదెలు లేవు. కుడితి తొట్టి ఎండిపోయి ఉంది.

వాళ్లు మాట్లాడుకున్నది హిందీలో. నాకు గుర్తున్నట్టు మన మాటల్లో చెబుతాను.

"గేదెలేవి?" అన్నాడు నాన్న మొదట.

"అమ్మేశాను."

"ఎందుకు?"

చాచా మా ఇంటి వైపు చూశాడు. దాచలేదు. కచేరీలో కట్టడానికి అన్నాడు. కొంత అప్పు తెచ్చాడట, కొంతకి గేదెల్ని సంతకి తోలాడట. అర్జీ రాయించేశాడు, బుధవారం వెళ్లి పెడతాడు. "నాకు ఆ ఇల్లు అక్కర్లేదు," అన్నాడు. "ఐదేళ్ల కిందట పెరడు ఒక్కటీ ఇమ్మని అడిగాను బెహన్‌ని, మీ మావుసీని. నాకు చేతనైనంత ఇస్తానన్నాను. నాకు అమ్మనంది. మీకేమో ఇల్లూ పెరడూ కలిపి నేనన్న దానికంటే తక్కువకి ఇచ్చింది. పరాయివాళ్లకి. ఏడాదికోసారి నా చేతికి రాఖీ కట్టిన మనిషి. నేనేం తప్పు చేశాను?"

దొంగమొహం అనుకున్నానే, ఆ మొహం చూడలేకపోయాను.

నాన్న మంచం పక్కన నేల మీద గొంతుకూర్చున్నాడు. తను ఇచ్చిన అసలు ధర చెప్పాడు. నెమ్మదిగా, ఒక్కో అంకె విడివిడిగా. "ఇది ఆవిడ చేతిలో పెట్టాను. నా దగ్గర రసీదు లేదు, కాగితంలో వేరే రాశాం. సర్కారుకి తక్కువ కట్టాలని రాశాం. ఆవిడ తప్పు లేదు. ఇప్పుడు చట్టం నీది, ఇల్లు తీసుకో, నేనడ్డం రాను. ఆవిణ్ణి మాత్రం తిట్టకు," అన్నాడు.

"సచ్?" అన్నాడు చాచా, నిజమేనా అని. ఒక్క మాటే.

నా నోరు ఎలా తెరుచుకుందో తెలీదు. "నాన్న పూర్తిగా రాయిద్దామన్నాడు చాచా. సగం రాయించింది నేను," అన్నాను.

చాచా నన్ను చూశాడు, నాన్నని చూశాడు. ఆ అంకె తనలో తను మళ్లీ అనుకున్నాడు. తరవాత నవ్వాడు, నవ్వుతూనే భుజం మీది గంఛా తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అంత డబ్బు నేను ఈ జన్మలో ఇవ్వగలిగేవాణ్ణి కాదు, సరిగ్గానే చేసింది బెహన్, సరిగ్గానే చేసింది అని నాలుగైదు సార్లు అన్నాడు. లోపలికెళ్లి అర్జీ తెచ్చి పొయ్యిలో పడేశాడు. మేం చూస్తుండగానే.

నాన్న జేబులోంచి పొట్లం తీశాడు. స్టాంపులో మేం మిగుల్చుకున్న డబ్బు అది. సున్నం ఆపేశాం కాబట్టి దాదాపు అలాగే ఉంది. గేదెల్లో ఒకదాన్నైనా వెనక్కి తెచ్చుకోమన్నాడు.

"అది సర్కారుది కదా భాయ్, నాకెందుకు?" అన్నాడు చాచా, పొట్లం నాన్న జేబులోనే తిరిగి పెడుతూ.

మర్నాడు ఆయన సంతకి వెళ్లాడు. గేదెల్ని కొన్నవాడు వాటిని చాయిబాసా వైపు ఎవరికో అమ్మేశాడట. వారం రోజులు వెతికి ఉత్త చేతులతో వచ్చాడు. దూడలప్పటి నుంచి పెంచిన గేదెలవి. తెచ్చిన అప్పు తిరిగిచ్చేసి, మిగిలినది పెట్టి చాయిబాసా గేదెలు కాకపోతే ఇంకో గేదెని కొనుక్కోమని నాన్న ఎన్నో సార్లు చెప్పాడు. ఈ వయసులో కొత్తదాన్ని మచ్చిక చేసుకోలేను అనేశాడు. ఆ గేదెల డబ్బు ఆయన ఇంట్లోనే కొంచెం కొంచెంగా కరిగిపోయింది.

గడువు దాటింది. ఫాల్గుణంలో మేం ఆ ఇంట్లోకి వచ్చేశాం. వచ్చిన రోజున అమ్మ నన్ను పిలిచి సుత్తి చేతికిచ్చింది, ఎవర్నీ అడగకుండా గోడకి మేకు కొట్టించుకుంది. ఆ దెబ్బకి సున్నం రాలి ఆవిడ జుట్టు మీద పడితే పకపకా నవ్వింది. అంత గట్టిగా అమ్మ నవ్వడం నేనంతకు ముందు వినలేదు. అమ్మకి జరిగినదంతా నాన్న ఆ తరవాత చెప్పాడు. ఆవిడ తన నగ అమ్మి గేదెని కొనిద్దామంది. చాచా దానికీ ఒప్పుకోలేదు.

పొద్దున్నే, వీధిలో పొగమంచు ఉండగానే, చాచా మా ఇంటి ముందు నుంచి నడిచి వెళ్లేవాడు. నలభై ఏళ్లు ఆ వీధికంతా పాలు పోసిన మనిషి చిన్న లోటా పట్టుకుని, రెండు వీధుల అవతలికి, తన టీకి పాలు కొనుక్కోడానికి వెళ్లేవాడు. అమ్మ ఆయన అడుగుల చప్పుడు వినగానే లోపలికి వెళ్లిపోయేది. నేను మాత్రం గుమ్మంలో నిలబడేదాన్ని. "ఖుష్ రహో బేటీ" అని దీవించేవాడు నన్ను చూసి, మనసారా, ఏ రోజూ మానకుండా. ఒక్క రోజైనా తిట్టి ఉంటే బాగుండేది.